అద్దె లేని నేల

1962 జూలై 6, శుక్రవారం సాయంత్రం. పొద్దు వాలింది గానీ వేడి వాలలేదు. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో, వాషింగ్టన్ స్క్వేర్ పార్కు దక్షిణపు అంచున నిలబడి ఉన్నాం మనం. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందని ఊరంతా అల్లాడుతోంది. మన లెక్కలో 32. రోహిణి కార్తెలో బెజవాడ బస్టాండు చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ నవ్వు కాస్త దాచుకోండి. ఇంకాసేపట్లో ఏసీ లేని మందిరంలో మూడు వందల మంది మధ్య ఇరుక్కుని, మూడు గంటల పాటు కూర్చోబోతున్నాం.

ఎదురుగా పసుపు ఇటుకల చర్చి, పక్కన ఎత్తైన గంటగోపురం. వెనక్కి తిరిగితే పార్కు అవతలి కొసన పాలరాతి తోరణం. చర్చినీ తోరణాన్నీ గీసిన చెయ్యి ఒకటే, వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్‌ది. తలుపు మీద పేరు చదవండి: జడ్సన్ మెమోరియల్ చర్చి. మనకు బొత్తిగా పరాయి పేరేం కాదు. అదోనిరామ్ జడ్సన్ 1812లో కలకత్తాలో ఓడ దిగి, మరుసటేడు బర్మా చేరి, బైబిలును బర్మా భాషలోకి తెచ్చిన అమెరికన్ మిషనరీ. ఆయనకు అండగా 1814లో అమెరికాలో ఏర్పడ్డ బాప్టిస్టు మిషన్ సంస్థే తరవాత నెల్లూరుకూ ఒంగోలుకూ మనుషుల్ని పంపింది. ఆ ఊళ్ళలో మిషన్ బడి గంట వింటూ పెరిగినవాళ్ళకూ, ఈ మెట్లెక్కుతున్న మనకూ మధ్య అలా ఒక సన్నటి దారం ఉంది.

తండ్రి పేరు మీద ఈ చర్చిని కట్టించినవాడు కొడుకు ఎడ్వర్డ్. చోటు ఎంచుకోవడంలోనే ఆయన మనసు తెలుస్తుంది. పార్కుకు ఉత్తరాన డబ్బున్నవాళ్ళ మేడలు, దక్షిణాన వలస వచ్చిన ఇటాలియన్ల ఇరుకు వాడలు. రెండిటి మధ్య సరిహద్దు మీద కట్టాడు. తలుపు ఎటువైపువాళ్ళకైనా తెరుచుకోవాలని.

ఇవాళ నాట్యం చేసేవాళ్ళకు తెరుచుకుంది. పదండి.

లోపల చీకటి. అప్పుడే ఏదో సినిమా ఆడుతోంది. డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ అనే హాస్యనటుడి పాత బొమ్మల ముక్కల్ని, ఏది ముందో ఏది వెనకో లాటరీకి వదిలేసి అతికించినట్టుంది. కుర్చీ చేరాలంటే తెరకు అడ్డంగా నడిచి వెళ్ళాలి, వేరే దారి లేదు. టూరింగ్ టాకీసులో ఆలస్యంగా వచ్చినవాడిలా తల వంచుకుని నడుస్తాం. అయినా మన నీడ ఫీల్డ్స్ మొహం మీద పడనే పడింది. ఎవరూ తిట్టలేదు. ఆట మొదలైందా, ఇంకా కాలేదా, మనం చూడ్డానికి వచ్చామా, ఆడడానికి వచ్చామా? తేలకముందే బొమ్మ మసకబారింది. ఆ మసకలోనే మనుషులు నేల మీదికి వచ్చేశారు.

చేతిలో కాగితం ఉంది. దాని మీద కార్యక్రమం పేరు నాట్య కచేరీ అని మాత్రమే, ముందొకటి వెనకొకటి విశేషణాల్లేకుండా. 14 మంది కూర్చిన 23 కృతులట. మనకు తెలిసిన నాట్యం ఏదీ అందులో లేదు. గజ్జె లేదు, బ్యాలే కాలివేళ్ళ నడక లేదు, కథ లేదు.

స్టీవ్ పాక్స్‌టన్ కూర్చిన 'ప్రాక్సీ' చూడండి. నడుస్తున్నారు, ఊరికే నడుస్తున్నారు. నేల మీద ఒక బేసిన్, దాని నిండా సైకిల్ షాపులో దొరికే బేరింగు గోళీలు. అందులో కాళ్ళు పెట్టి నిలబడతారు. ఒకచోట ఆగి పియర్ పండు తింటారు. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగుతారు. గటగటమని గొంతు కదలడం ఇక్కడికి కనిపిస్తోంది. మన పక్కాయన నుదురు తుడుచుకుంటూ ఆ గ్లాసు వైపే చూస్తున్నాడు. ఈ ఉక్కలో ఇంతకన్నా రక్తి కట్టే అభినయం ఏముంటుంది!

తరవాత ఇవాన్ రెయినర్. ఒళ్ళు ఒక పని చేస్తుంటే నోరు ఇంకో పని చేస్తోంది. తాను బతికిన వీధుల పేర్లు, చిన్నప్పుడు చదువు చెప్పిన టీచర్ల పేర్లు పలుకుతూ కదులుతోంది. ఈ కృతి పేరు 'ఆర్డినరీ డాన్స్', అంటే మామూలు నాట్యం. ఫ్రెడ్ హెర్కో వచ్చాడు. అతని కృతి పేరులో బూట్లు తొడుక్కుని ఊళ్ళోకి వెళ్ళే ముచ్చట ఉంది, వచ్చింది మాత్రం వట్టి కాళ్ళతో. మొహం మీద కుచ్చులు వేలాడేసుకుని పాదాలు ఈడుస్తూ నేలను చుట్టాడు.

ఇంతలో ఎవరో మన చేతిలో ఒక రబ్బరు బుడగ పెట్టారు. ఊదండి, ఊదాక గాలి మెల్లగా వదలండి అన్నారు. అటు డేవిడ్ గోర్డన్ నెత్తుటి మరకల ప్రయోగశాల కోటు తొడుక్కుని, పాటలు పాడుకుంటూ, గిర్రున కాదు, గడియారం ముల్లులా తిరుగుతూ నేలకు దిగుతున్నాడు. ఇటు హాలు నిండా బుడగలు సుయ్‌సుయ్‌మంటున్నాయి. మూడు వందల మంది ఊపిరి వాయిద్యమైంది.

ఉక్క భరించలేక మెట్ల మీదికి వచ్చాం. కొంచెం గాలి తగిలింది. ఈ మెట్ల మీద నిలబడే కొన్ని నెలలు వెనక్కి వెళ్ళొద్దాం.

అదే ఏడాది వసంతం. ఈ మందిరమే, పట్టపగలు. కుర్రకారుకు ఏటా అవకాశమిచ్చే ఒక పేరున్న వేదిక దగ్గర నాట్యం చేసి చూపించి, కాదనిపించుకుని వచ్చిన ముగ్గురు ఇక్కడ ఉన్నారు. రెయినర్, పాక్స్‌టన్, రూత్ ఎమర్సన్. చూస్తున్నది ఒక్క మనిషి, పాతికేళ్ళ సహాయ పాస్టరు అల్ కార్మైన్స్. ఆయనకు సంగీతం వచ్చు, పియానో వాయిస్తాడు, పాటలు కడతాడు. నాట్యశాస్త్రం చదివినవాడు కాదు. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు చేసి చూపించారు. చూసినదంతా తనకు అర్థమైందని కార్మైన్స్ ఎన్నడూ చెప్పుకోలేదు. సరే, చేసుకోండి అన్నాడు, అంతే.

తేలిగ్గా అనగలగడానికి వెనక పునాది ఉంది. పెద్ద పాస్టరు హోవర్డ్ మూడీ మెరైన్ దళంలో పనిచేసి వచ్చిన టెక్సాస్ మనిషి, జుట్టు ఇప్పటికీ సిపాయి క్రాపే. 1961లో ఈ పార్కులో జానపద గాయకులు పాడకూడదని ఊరి అధికారులు అడ్డుపడితే వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. చర్చి అడుగున ఉన్న గదుల్లో క్లేస్ ఓల్డెన్‌బర్గ్, జిమ్ డైన్ వంటి కుర్ర చిత్రకారులు 1959 నుంచే తమ వింత పనులు ప్రదర్శిస్తున్నారు. 1961 నవంబరులో ఇక్కడే ఒక నాటకశాల పుట్టింది. దానికి వీళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. మతప్రచార నాటకాలు వేయొద్దు. వేసేవాటి మీద కత్తెర పెట్టొద్దు. చర్చి పెట్టుకున్న నియమాలివి, ఇంకోసారి చదువుకోండి.

ఈ నాట్యగాళ్ళ వెనకా ఒక గురువు ఉన్నాడు. రాబర్ట్ డన్, నాట్యకర్త మెర్స్ కనింగ్‌హామ్ నాట్యశాలలో పియానో వాయించేవాడు. సంగీతకర్త జాన్ కేజ్ ప్రోద్బలంతో 1960 శరదృతువులో అక్కడే కూర్పు పాఠం మొదలుపెట్టాడు. మొదట చేరినవాళ్ళు అయిదుగురు. ఆయన పాఠంలో చిత్రమైన పద్ధతి ఉంది. ఎవరైనా చేసి చూపిస్తే బాగుంది, బాగాలేదు అనడు. ఎలా తయారుచేశావు అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నే రెండేళ్ళ పాటు అడిగాడు. ఆ పాఠాలన్నీ కలిసి ఇవాళ మనం బుడగ ఊదిన కచేరీ అయ్యాయి.

ఇప్పుడు ఆ జూలై కచేరీ నుంచి ఆరు నెలలు ముందుకు. మెట్లెక్కొద్దు, దిగుదాం.

చర్చి అడుగున వ్యాయామశాల. బయట చలి పళ్ళు కొరుకుతోంది. లోపలికి వచ్చినవాళ్ళు వచ్చినట్టు కోట్లు విప్పి ఒక మూల కుప్ప పోస్తున్నారు. కచేరీ అయిపోయింది గదా, ఇంకా ఎందుకొస్తున్నారంటే, దానికే వస్తున్నారు. డన్ పాఠం ఆగిపోయింది. గుంపు ఆగలేదు. మొదట కొన్నాళ్ళు వేరే గదిలో కలుసుకుని, తరవాత ఈ అడుగు గదికి మారారు. వారానికొకసారి కలుస్తారు. గురువు లేడు. ఎవరు చేసి చూపించాలనుకుంటే వాళ్ళు చూపిస్తారు.

గోడకు ఆనుకుని కూర్చుందాం. ఎదురుగా ట్రిషా బ్రౌన్, లూసిండా చైల్డ్స్, డెబొరా హే. వాళ్ళు నాట్యం నేర్చినవాళ్ళు. మరి ఆ పక్కన? రాబర్ట్ రౌషెన్‌బర్గ్, చిత్రకారుడు. క్యారొలీ ష్నీమన్, ఆమె చేతిదీ కుంచే. రాబర్ట్ మోరిస్, శిల్పి. ఫిలిప్ కార్నర్, సంగీతకర్త. నాట్యం రానివాళ్ళు నాట్యం కూర్చవచ్చునా అని ఇక్కడ ఎవరూ అడగడం లేదు. నేల ఉంది, వంతు వస్తుంది, లేచి చేయొచ్చు.

ఒకామె లేచింది. ఏదో మొదలుపెట్టింది, మధ్యలో ఆగింది. తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ ఆగింది. ఎవరూ గడియారం చూడలేదు. ఈ గదిలో జరుగుతున్న అసలు సంగతి ఇదే, గమనించారా?

కవికి కాగితం కావాలి, చిత్రకారుడికి గుడ్డ కావాలి. నాట్యం చేసేవాళ్ళకు నేల కావాలి. కాగితం కొని ఇంట్లో పెట్టుకోవచ్చు. నేలను కొనలేం, గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. అద్దె గదిలో నిలబడ్డ మనిషికి చెవిలో మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆటో ఎక్కినవాడికి బయటి ఊరు కనపడనట్టే, డబ్బు కట్టిన గంటలో తెలియని దారి కనపడదు. తెలిసిన అడుగే మళ్ళీ వేస్తాం, వచ్చిన జతులే మళ్ళీ తొక్కుతాం. తప్పు చేయడానికి ఖర్చవుతుంది మరి. ఆ ఖర్చు ఎవరైనా భరిస్తేనే కొత్తది పుట్టేది. చర్చి ఇచ్చింది గది అనుకుంటున్నాం గానీ, నిజానికి తప్పు చేసే వీలు ఇచ్చింది. డన్ ప్రశ్నకు నిలవడానికి ఒక నీడ ఇచ్చింది. 'బాగుందా' అని అడగకుండా ఉండగలిగేది, అద్దె వసూలు చేయనివాడే.

కళాకారులకు చోటివ్వడం మనకూ కొత్త కాదు. భాగవతుల ఆటకు మెచ్చి గోల్కొండ తానీషా కూచిపూడిని అగ్రహారంగా రాసిచ్చాడని, అది 1678 నాటి మాటని చెప్పుకుంటాం. ఆ దానంతో ఒక కట్టుబాటూ ముడిపడి ఉంది. ఆట ఆ కుటుంబాల్లో తరతరాలా నడవాలి. అందుకే అది నిలిచింది. ఈ అడుగు గదిలో ఇచ్చింది ఊరు కాదు, వారానికొక సాయంత్రం. నిలబెట్టాలన్న కట్టుబాటు లేదు. అందుకే ఇక్కడ ఇంకో రకంది పుట్టింది. ఒకటి కాపాడడానికి ఇచ్చిన నేల, ఇంకొకటి వెతుక్కోవడానికి ఇచ్చిన నేల. కళకు రెండూ కావాలి. మొదటిది ఇచ్చే చేతులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి, రెండోది ఇచ్చేవాళ్ళే తక్కువ.

ఇప్పుడు ఆ గుంపులో వాదన మొదలైంది. రాబోయే కచేరీలో ఎవరి కృతి ఎప్పుడు, ఎంతసేపు? ఓట్లు లేవు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ సమావేశాల తీరులో, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఒక్కరు ఊ అనకపోయినా తెమలదు. విసుగొస్తుంది, పొద్దుపోతుంది. అయినా ఈ పద్ధతిలోనే రెండేళ్ళలో 16 కచేరీలు చేశారు. 1963 వసంతానికి ఆ గుంపుకు ఒక పేరు కూడా వచ్చింది, జడ్సన్ డాన్స్ థియేటర్. మనిషి పేరు కాదు, సిద్ధాంతం పేరు కాదు. చోటిచ్చిన ఇంటి పేరు పెట్టుకున్నారు.

అంతా వెన్నెలే అనుకోకండి. అద్దె లేని నేల అంటే జీతం కాదు. ఈ గదిలో ఉన్నవాళ్ళు పొట్టకూటికి వేరే పనులు చేసుకుంటున్నారు. ఒళ్ళు అలిసే రోజు ముగిశాకే ఇక్కడికి వస్తున్నారు. 1964 నాటికి ఎవరి దారి వాళ్ళదైంది. ఇంకో మాట. మళ్ళీ ఒకసారి గది చుట్టూ చూడండి. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఇదే ఊళ్ళో, ఇదే కాలంలో, ఉత్తరాన హార్లెమ్‌లో నల్లజాతి స్వలింగప్రియులు, ట్రాన్స్ మహిళలు కిరాయి హాళ్ళలో తమ ఆట తాము ఆడుకుంటున్నారు. వాళ్ళెవరూ ఈ మెట్లు దిగలేదు. హార్లెమ్ ఆటగాళ్ళు 1963లో దక్షిణానికి వచ్చి జడ్సన్ వాళ్ళతో కలిసి ఆడి ఉంటే ఏమయ్యేది? ట్రాజల్ హారెల్ అనే నాట్యకారుడు 2009 నుంచి ఏళ్ళ తరబడి ఒక కృతుల వరసే ఈ ప్రశ్న మీద కట్టాడు. తలుపు తీసి ఉంచడం ఒకటి, లోపలికి రమ్మని పిలవడం ఇంకొకటి. ఉచితంగా చోటిచ్చే ప్రతి ఇల్లూ ఈ రెండో పని దగ్గరే తడబడుతుంది.

ఇంకొన్నేళ్ళు ముందుకు నడుద్దాం. 1966 జనవరి 10, మళ్ళీ పై మందిరం. రెయినర్, పాక్స్‌టన్, గోర్డన్ ముగ్గురూ ఒకే కృతిని ఒకేసారి చేస్తున్నారు, కలిసి మాత్రం కాదు, ఎవరి వేగం వాళ్ళది. ప్రేక్షకుల కళ్ళలోకి చూడరు. ఒకసారి వేసిన కదలిక మళ్ళీ రాదు. పై నుంచి చెక్కపలకలు ఒకటొకటే పడుతున్నాయి, ఠాప్, ఠాప్ మని, తాళం తప్పిన తాళంలా. అయిదు నిమిషాలైనా లేని ఈ ముక్కకే తరవాత 'ట్రయో ఎ' అని పేరు స్థిరపడింది. ఇవాళ నాట్యచరిత్ర పాఠం అది లేకుండా నడవదు. పియర్ పండు తినిపించిన పాక్స్‌టన్ 1972లో 'కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్' మొదలుపెట్టాడు. ఒకరి బరువు ఒకరి మీద వాల్చి, పడిపోతూ, పట్టుకుంటూ చేసే ఆట. బెంగళూరులోనూ ఇప్పుడు దాన్ని సాధన చేసేవాళ్ళున్నారు. 2018లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం జడ్సన్ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. ఆ వ్యాయామశాలలో కోట్ల కుప్ప పక్కన కూర్చున్నప్పుడు వీళ్ళకు ఇవేవీ తెలియవు. తెలియకపోవడమే వాళ్ళకున్న వెసులుబాటు.

ఇక మన కాలంలో ఒక సోమవారం రాత్రి. మెట్లు అవే, తలుపు అదే. మూవ్‌మెంట్ రిసెర్చ్ అనే సంస్థ 1978లో పుట్టింది. కళాకారులకు రిహార్సల్ చోటిచ్చే రెసిడెన్సీలు నడపడం దాని పనుల్లో ఒకటి. 1991 నుంచి ఈ మందిరంలో సోమవారాలు ఉచిత ప్రదర్శనలు జరుపుతోంది. లోపలికి వచ్చి కూర్చుందాం. మధ్యలో ఖాళీ నేల, చుట్టూ కుర్చీలు. ఇక్కడ చూపించేది చాలావరకు ఇంకా పచ్చిగా ఉన్న పని, పొయ్యి మీంచి దించని కూర. ఒక కుర్రవాడు నేల మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు లేవలేదు. వెనక ఎవరో దగ్గారు. పడుకోవడమే నాట్యమా, లేక తరవాతి అడుగు మరిచిపోయాడా? తెలియదు. కిటికీలోని జాన్ లా ఫార్జ్ రంగుటద్దాల మీద వీధి దీపం వెలుగు తచ్చాడుతోంది. కుర్రవాడు మెల్లగా లేచాడు. మన చేతులు చప్పట్లకు లేవబోయి, ఆగాయి. ఇంకా అయిపోలేదు.

మళ్ళీ 1962 జూలైకి వెళ్దాం రండి, మనం వదిలేసి వచ్చిన కచేరీ ముగింపుకొచ్చింది.

ఉక్క తగ్గలేదు, జనమూ పలచబడలేదు. చూస్తున్నవాళ్ళలో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు అలెన్ హ్యూస్ ఉన్నాడు. విలేజ్ వాయిస్ పత్రికకు రాసే జిల్ జాన్‌స్టన్ ఉంది. ఆమె వచ్చే నెలలో రాయబోయే సమీక్షకు పెట్టే పేరు 'డెమోక్రసీ', ప్రజాస్వామ్యం. అది రేపటి మాట. ఇప్పుడు మాత్రం ఆఖరి కృతి అయిపోయి, జనం వీపులకు అతుక్కున్న చొక్కాలు లాక్కుంటూ తలుపు వైపు కదులుతున్నారు. ఒకరు నవ్వుతున్నారు, ఒకరు గొణుగుతున్నారు, ఇద్దరు మెట్ల మీదే పోట్లాట పెట్టుకున్నారు.

మనం కొంచెం ఆగుదాం. నేల మీదికి చూడండి. అడుగుల చెమట మరకలు, గాలి దిగిపోయిన బుడగలు, ఎవరి కాలి కిందో పడి నలిగిన కార్యక్రమం కాగితం. ఇవాళ శుక్రవారం. ఎల్లుండి పొద్దున ఇక్కడ ప్రార్థన ఉంది. బుడగలు ఏరాలి, నేల తుడవాలి.

మన జేబులో ఉన్న బుడగ కూడా తీసి ఆ కుప్పలో వేద్దాం. చీపురు ఆ మూల ఉంది.